గొళ్ళెం లేని తలుపు

పిల్ల మాయమైంది.

సంతలో కాదు, రైల్వే స్టేషన్లో కాదు. ఫ్యామిలీ కోర్టులో. విడిపోయిన తల్లిదండ్రులు గొడవ పడకుండా పిల్లల్ని ఒకరికొకరు అప్పజెప్పుకోవడానికని ప్రత్యేకంగా పెట్టిన గది దగ్గర.

శనివారం సాయంత్రం నాలుగుంబావుకి పిల్ల లేదని తెలిసింది. ఆ తర్వాత చాలాసేపు అక్కడున్న పెద్దవాళ్ళందరూ ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. అరిచి అరిచి గొంతులు ఎండిపోయాక ఎవరికో పోలీసులు గుర్తొచ్చారు.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగేసరికి ఐదయింది. ఆవిడకు యాభై దాటాయి. మోకాళ్ళ నొప్పులు. స్టేషన్లో ఎదురుగా మేడమ్ అంటారు, వెనక ‘ఉరుము’ అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. నిజం చెప్పాలంటే ఆ పేరు ఆవిడకు నచ్చింది కూడా.

గదిలో అడుగు పెట్టకముందే ఇద్దరు ఎదురొచ్చారు.

“మేడమ్, ఇది కంటెంప్ట్! కోర్టు ఆర్డర్ని ధిక్కరించడం! ముందు ఆమె మీద కేసు రాయండి,” అన్నాడు చొక్కా చేతులు మడిచిన మనిషి.

“కిడ్నాప్ మేడమ్! కస్టడీ నాది. ఇంటరిమ్ ఆర్డర్ ఉంది. అసలు తీర్పు వచ్చేదాకా పాప నా దగ్గరే ఉండాలని రాశారు. శని, ఆదివారాలు మాత్రమే ఆయనకి విజిటేషన్,” అంది కళ్ళద్దాల ఆవిడ.

“మీరెవరు?”

“పిటిషనర్ని,” అంది ఆవిడ.

“మీరో?”

“రెస్పాండెంట్‌ని మేడమ్.”

ఇన్‌స్పెక్టర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“పిల్లకి ఏమవుతారని అడుగుతున్నాను.”

ఇద్దరూ తెల్లబోయారు. ముందు ఆవిడ తేరుకుంది.

“అమ్మని.”

“నాన్నని,” అన్నాడతను.

“హమ్మయ్య. ఆ ఉద్యోగాలు ఇంకా ఉన్నాయన్నమాట. కూర్చోండి.”

కూర్చోవడానికి అక్కడ పిల్లల కుర్చీలే ఉన్నాయి. ఎర్రవి, పచ్చవి. ఇద్దరూ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. గోడ మీద ఎవరో జిరాఫీ బొమ్మ వేశారు. చెమ్మకి దాని తల ఊడిపోయింది. చక్రాలు లేని రైలుబండి ఒక మూల పడుంది. పిల్లల్ని ఊరడించడానికని పెట్టిన గది అది. పెద్దవాళ్ళకే ఏడుపొచ్చేలా ఉంది.

మూడో మనిషి ఇంకొకావిడ. తలుపు దగ్గర నించుని ఉంది. నెరిసిన జుట్టు, చేతిలో గుడ్డసంచి.

“వీరెవరు?”

“మా అమ్మ,” అన్నాడు తండ్రి. “కార్లో తోడుగా వచ్చింది. ఆవిడకేం సంబంధం లేదు మేడమ్. కేసులో పార్టీ కాదు.”

“నాయనమ్మకి సంబంధం లేదా?”

“లీగల్‌గా లేదు మేడమ్.”

పెద్దావిడ ఏదో అనబోయింది. కొడుకు చెయ్యెత్తాడు. నోరు మూసుకుంది.

ఇన్‌స్పెక్టర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ముందు పిల్ల దొరకాలి.

“వయసెంత?”

“తొమ్మిది.”

“ఏమని పిలుస్తారు?”

“చిట్టి,” అంది తల్లి.

“బుజ్జి,” అన్నాడు తండ్రి.

“ఏదో ఒకటి చెప్పండి!”

“మా ఇంట్లో చిట్టి అంటాం.”

“మా ఇంట్లో బుజ్జి అంటాం. ఆ పేరు మా వాళ్ళు పెట్టింది.”

మైకులో పిలవాలన్నా ఒక్క పేరు లేదు. ఆవిడకన్నా ముందే వచ్చి వెతకడం మొదలుపెట్టిన పొడుగు కానిస్టేబుల్ చేతిలో పెన్ను పట్టుకుని ఏం రాయాలో తెలీక గుడ్లప్పగించి చూస్తున్నాడు. స్టేషన్లో అతన్ని ‘నిచ్చెన’ అంటారు.

“రెండూ రాసుకోవయ్యా. ఆరోగ్యం ఎలా ఉంటుంది?”

“ఆస్తమా ఉంది,” అంది తల్లి. “దుమ్ము తగిలినా, ఘాటు వాసన తగిలినా ఆయాసం వచ్చేస్తుంది. ఇన్‌హేలర్ పీలిస్తే పది నిమిషాల్లో తగ్గుతుంది. పీల్చకపోతే...”

“ఇన్‌హేలర్ పాప దగ్గరే ఉందిగా?”

తల్లి నేల మీదున్న స్కూలు బ్యాగు జిప్పు తీసి చూపించింది. పక్క అరలో నీలం రంగు ఇన్‌హేలర్ ఉంది.

“ఇది నేను కొన్నది.”

తండ్రి తన సంచీలోంచి ఇంకోటి తీశాడు. “ఇది నేను కొన్నది. మా ఇంటికొచ్చినప్పుడు ఇదే వాడుతుంది.”

కంపెనీ ఒకటే. మందు ఒకటే. రంగు కూడా ఒకటే. రెండూ ఇక్కడే ఉన్నాయి. పిల్ల ఒక్కతే లేదు.

ఇన్‌స్పెక్టర్ రెండింటినీ లాక్కుని జేబులో వేసుకుంది. ఇంతసేపూ ఆవిడకున్నది చిరాకు. ఇప్పుడు భయం కూడా వచ్చి చేరింది.

*

“మొదట్నుంచి చెప్పు,” అంది ఆయమ్మతో. పిల్లల గది చూసుకునేది ఆవిడే.

ఆయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ప్రతి శనివారం ఇంతేనమ్మా. నాలుగింటికి తల్లి ముందు గేట్లోంచి తెచ్చి దింపుతుంది. వెంటనే వెళ్ళిపోవాలి. నాలుగుంబావుకి తండ్రి వెనక గేట్లోంచి వస్తాడు. ఇద్దరూ ఎదురుపడకూడదు.”

“ఎందుకు?”

“ఒకసారి ఎదురుపడ్డారమ్మా. ఆ జిరాఫీ కింద గోడకి సొట్ట చూశారా? అది ఆ రోజుదే.”

“సరే. మధ్యలో పిల్ల నీ దగ్గరుంటుంది. ఇవాళేమైంది?”

“బట్టలు మార్చుకోవడానికి బాత్రూమ్‌కి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. తల్లిని నేనే ఫోన్ చేసి వెనక్కి పిలిచాను.”

“బట్టలెందుకు మార్చుకోవడం?”

ఆయమ్మ తల్లి వంక చూసింది. తల్లి తండ్రి వంక చూసింది. తండ్రి జిరాఫీ వంక చూశాడు.

“చెప్పండి!” ఉరిమింది ఇన్‌స్పెక్టర్.

“అది... రాజీ షరతు మేడమ్,” అన్నాడు తండ్రి. “నేను కొన్న బట్టలతో పంపితే తిరిగొచ్చేవి కావు. మంచి మంచి డ్రస్సులు ఉంచేసుకునేది.”

“ఉంచేసుకున్నది మీరు! వెల్వెట్ గౌను ఏమైంది?”

“అబద్ధం! ఆ గౌను...”

“ఆగండి!”

ఆగారు.

సంగతి ఇది. బట్టల మీద ఇద్దరూ పిటిషన్లు వేసుకున్నారు. జడ్జి విసిగిపోయి మీరే తేల్చుకోండి అంది. ఇద్దరు లాయర్లూ కూర్చుని ఒక మెమో రాశారు. పాపని అప్పజెప్పేటప్పుడు ఒకరి బట్టలు విప్పించి, రెండోవారి బట్టలు తొడిగించి పంపాలి. ఎవరివి వారికే ఉంటాయి. ఇద్దరూ సంతోషంగా సంతకాలు పెట్టారు. రెండేళ్ళుగా నడుస్తున్న ఆ కేసులో వాళ్ళిద్దరూ కలిసి ఒప్పుకున్నది అదొక్కటే.

“ఎన్నాళ్ళుగా?” అడిగింది ఇన్‌స్పెక్టర్.

“ఏడాది అవుతోంది.”

“పిల్ల ప్రతి వారం కోర్టు బాత్రూంలో బట్టలు మార్చుకుంటోందా?”

“లీగల్‌గా అదే కన్వీనియంట్ అని మా లాయర్...”

“మీ లాయర్ని తర్వాత కలుస్తాను. ఇవాళ ఏం బట్టలు?”

“పసుపు గౌను,” అంది తల్లి.

“నీలం డ్రస్సు,” అన్నాడు తండ్రి.

నిచ్చెన తల గోక్కున్నాడు. “మేడమ్, వైర్‌లెస్ సెట్లో పసుపు గౌను అనే చెప్పాను. ఊళ్ళో పెట్రోలింగ్ పోలీసులంతా పసుపు గౌను కోసమే చూస్తున్నారు.”

*

బాత్రూమ్ కారిడార్ చివర ఉంది. దాని పక్కనే మేడమెట్లు.

ఇన్‌స్పెక్టర్ తలుపు తోసింది. తెరుచుకుంది. వదిలింది. అదంతట అదే మళ్ళీ ఓరగా తెరుచుకుంది. గొళ్ళెం ఉండాల్సిన చోట రెండు మేకు కన్నాలు మాత్రం ఉన్నాయి.

“ఎవరైనా లోపలికి దూరి ఎత్తుకుపోయి ఉంటారా మేడమ్?” అన్నాడు నిచ్చెన.

“చూద్దాం.”

లోపల పసుపు గౌను కొక్కేనికి వేలాడుతోంది. నీట్‌గా ముడతలు తీసి, భుజాలు సరిచేసి తగిలించి ఉంది. కింద తెల్ల చెప్పులు. రెండూ పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.

ఎత్తుకుపోయేవాడు గౌను భుజాలు సరిచేయడు. ఆ మాట పైకి అనలేదు ఇన్‌స్పెక్టర్.

తడి నేల మీద ఒక మూల తెల్లగా ఏదో పొడి రాలి ఉంది.

“ఇదేంటి?”

“బ్లీచింగ్ పౌడర్ అయ్యుంటుంది మేడమ్. ఇవాళ బిల్డింగంతా కడిగారు,” అన్నాడు నిచ్చెన.

“పిల్ల ముఖానికి రాసుకునే పౌడరేమో,” అంది ఆయమ్మ.

ఇన్‌స్పెక్టర్ చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది. వాసన చూసింది. బ్లీచింగ్ కాదు, ఘాటు లేదు. ముఖపు పౌడర్ కాదు, సువాసన లేదు. కాస్త గరుగ్గా ఉంది.

సున్నం.

గోడలకి సున్నం వేసి పదేళ్ళయినట్టుంది. మరి ఇదెక్కడిది?

“నీలం డ్రస్సు ఏదీ?” అంది తండ్రితో.

“నా సంచీలోనే ఉంది మేడమ్.”

“ఏంటీ?”

“నేను తెచ్చి ఆయమ్మకిస్తే, ఆవిడ బాత్రూంలోకి అందిస్తుంది. ఈలోపు పిల్ల గౌను విప్పి టవల్ కట్టుకుని రెడీగా ఉంటుంది. టైమ్ వేస్ట్ కాకుండా. ఇవాళ నేనొచ్చేసరికే లేదు కదా.”

ఇన్‌స్పెక్టర్ ఆ సంచీ లాక్కుని చూసింది. నీలం డ్రస్సు ఇస్త్రీ మడత కూడా చెదరకుండా ఉంది. నల్ల బూట్లు కవర్లో ఉన్నాయి. వెనక్కి తిరిగింది. టవల్ కూడా బాత్రూంలోనే, మేకుకి ఉంది.

పసుపు గౌను ఇక్కడే ఉంది. నీలం డ్రస్సూ ఇక్కడే ఉంది.

“అయితే పిల్ల ఒంటి మీద ఏముంది?”

ఇందాకట్నుంచి ఊళ్ళో పోలీసులందరూ వెతుకుతున్న పసుపు గౌను వాళ్ళ ముందే కొక్కేనికి వేలాడుతోంది. ఆ మాట ఎవరికీ తట్టలేదు.

*

“ఎవరో కొత్త బట్టలు తెచ్చి మార్చి తీసుకుపోయారు. ప్లాన్డ్‌గా చేశారు మేడమ్,” అన్నాడు తండ్రి. “సోమవారం ఫైనల్ ఆర్డర్. పర్మనెంట్ కస్టడీ నాకొస్తుందని ఆమెకి తెలుసు. అందుకే వాళ్ళన్నయ్యతో కలిసి దాచేసింది.”

“నాకు దాచాల్సిన ఖర్మేంటి? వారమంతా నా దగ్గరే ఉంటుంది! ఆయనకే వేరే ఊరు ట్రాన్స్‌ఫర్ అయింది మేడమ్. ఇప్పుడే ఎత్తుకుపోవాలని చూస్తున్నాడు. గార్డియన్‌గా నా పర్మిషన్ లేకుండా...”

“నేనూ గార్డియన్నే! నేచురల్ గార్డియన్!”

“మెయింటెనెన్స్ కట్టడానికి చేతులు రావు గానీ...”

“అది వేరే పిటిషన్!”

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద లాఠీతో కొట్టింది. రంగుపెన్సిళ్ళ డబ్బా ఎగిరి కింద పడింది.

“ఇంకొక్క సెక్షన్ నంబర్ వినపడిందంటే ఇద్దర్నీ లోపలేస్తాను. ఆ పిల్ల ఎక్కడో ఇన్‌హేలర్ లేకుండా ఉంది. మీ పిటిషన్ల గోలలో ఆ మాట కొట్టుకుపోతోంది. నేనడిగిందానికి మాత్రమే చెప్పండి. ఆ పిల్ల ఆటలాడే చోట ఎక్కడైనా సున్నం ఉందా? గ్రౌండ్‌లో గీతలు గీస్తారే, అలాంటిది?”

“ఆటలా?” అంది తల్లి. “ఆస్తమా పిల్ల మేడమ్. ఆటలకి పంపను. లైబ్రరీలో కూర్చుంటుంది.”

“అవును మేడమ్. దానికి ఆటలు లేవు,” అన్నాడు తండ్రి. ఇద్దరూ అంత నమ్మకంగానే చెప్పారు. ఇద్దరూ తప్పే.

తలుపు దగ్గర నాయనమ్మ గొంతు సవరించుకుంది.

“అమ్మా...”

“అమ్మా, నువ్వూరుకో. నీకు చెప్పానా లేదా? నువ్వు పార్టీ కాదు,” అన్నాడు కొడుకు.

“నువ్వు నోరు మూసుకో!” ఇన్‌స్పెక్టర్ ఉరిమిన ఉరుముకి వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి తొంగి చూశాడు. “చెప్పండి పెద్దమ్మా.”

నాయనమ్మ ముందుకొచ్చింది. “స్కూలు బ్యాగులో వచ్చే పిల్ల మేజోళ్ళు నేనే ఉతుకుతానమ్మా. నెల నుంచి తెల్లగా సున్నం అంటుకుని వస్తున్నాయి. ఏంటే ఇది అనడిగితే నోటి మీద వేలేసుకుని నవ్వింది. ‘నాన్నకి చెప్పకు నాయనమ్మా, అమ్మకీ చెప్పకు, గొడవైపోతుంది’ అంది. నేనూ చెప్పలేదు. నన్నెవరూ అడగనూ లేదు.”

“స్కూల్లో ఆటల మాస్టారి నంబరుందా?”

తల్లికీ తండ్రికీ లేదు. నిచ్చెన స్కూలు వాచ్‌మన్‌కి ఫోన్ చేసి సంపాదించాడు. అందుకు పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఇన్‌స్పెక్టర్ కారిడార్లో అటూ ఇటూ తిరిగింది. మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. జేబులో రెండు ఇన్‌హేలర్లూ ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి.

చివరికి ఫోన్ కలిసింది. స్పీకర్లో పెట్టింది.

“ఎవరు మేడమ్? ఓ, మా రాకెట్టా?” అన్నాడు పీటీ మాస్టారు.

తల్లీ తండ్రీ ముఖాలు చూసుకున్నారు. ఈ మూడో పేరు ఇద్దరికీ కొత్త.

“బాగా పరిగెడుతుంది మేడమ్. చిన్న దూరాలే. ముందు ఇన్‌హేలర్ పీల్చి, స్కూలు డాక్టర్ చెప్పినట్టే చేయిస్తున్నాను. జూనియర్ టీమ్‌లో తీసుకున్నాం. ఇంటి నుంచి సంతకం తెమ్మన్నాను. ‘ఎవరిది తేవాలి సార్? అమ్మది తెస్తే నాన్న కోర్టుకెళతారు, నాన్నది తెస్తే అమ్మ వెళుతుంది’ అంది. ఏం చెప్పను? వదిలేశాను.”

“టీమ్ వాళ్ళకి డ్రస్సు ఇచ్చారా?”

“ఇచ్చాం. తెల్ల నిక్కరు, ఆకుపచ్చ టీషర్టు, బూట్లు. స్కూలే ఇచ్చింది. ఎప్పుడూ ఇక్కడే బీరువాలో పెట్టేది. నిన్న మాత్రం ఇంటికి తీసుకెళతానంది.”

“ఎందుకో చెప్పిందా?”

“‘ఇది ఎవరూ కొనలేదు కదా సార్?’ అనడిగింది. ఎవరూ కొనలేదమ్మా, స్కూలుది అన్నాను. సంతోషంగా బ్యాగులో పెట్టుకుంది. ఏమైంది మేడమ్? రాకెట్ బాగానే ఉందా?”

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసింది.

ఎవరూ కొననిది. అమ్మది కానిది, నాన్నది కానిది.

తల్లి దాచాలనుకుంటే గౌనుతోనే తీసుకెళ్ళేది. తండ్రి తీసుకెళితే నీలం డ్రస్సే వేసేవాడు. బయటివాడు ఎవడైనా సరే, బట్టల సంగతే పట్టించుకోడు. రెండిళ్ళ బట్టలూ విడిచిపెట్టి, రెండిళ్ళ ఇన్‌హేలర్లూ విడిచిపెట్టి, ఎవరి సొత్తూ ఒంటి మీద లేకుండా చూసుకోవలసిన అవసరం ఈ లోకంలో ఒక్క మనిషికే ఉంది.

ఆ మనిషిని ఎవరూ ఎత్తుకుపోలేదు. తనే వెళ్ళింది.

ఎక్కడికి?

“ఆయమ్మా, ఇవాళ పిల్ల నీతో ఏం మాట్లాడింది?”

“ఏముందమ్మా... ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతుంది. ఇవాళ ‘పార్టీ అంటే ఏంటి’ అంది. కేసులో ఉన్నవాళ్ళు తల్లీ, వాళ్ళనే జడ్జిగారు లోపలికి పిలిచి మాట్లాడిస్తారు అన్నాను. ‘నేను పార్టీనేనా’ అంది. కాదమ్మా, నువ్వు బయట కూర్చోవాలి అన్నాను.”

ఇన్‌స్పెక్టర్ మెట్ల వైపు చూసింది.

“పైన ఏముంది?”

“కోర్టు హాలు.”

“నిచ్చెనా! పైన వెతికావా?”

పొరపాటున ఆ పేరుతోనే పిలిచింది. అతనది గమనించే స్థితిలో లేడు. నీళ్ళు నమిలాడు.

“వెళ్ళాను మేడమ్. తాళం వేసుంది. తాళం వేసిన గదిలో పిల్ల ఎలా ఉంటుందని...”

“ఎప్పుడు వేశారు తాళం?”

వాచ్‌మన్ గేటు వదిలి పరిగెత్తుకొచ్చాడు. “నాలుగున్నరకమ్మా. శనివారం ఫినాయిల్ వేసి కడుగుతారు. ఆరడానికి తలుపులు తీసి పెడతాం. నాలుగున్నరకి నేను తాళం వేస్తాను. ఇవాళా వేశాను.”

“లోపల చూశావా?”

“చూసేదేముందమ్మా? శెలవు రోజు కదా.”

“గంట నుంచి పిల్ల కోసం వెతుకుతుంటే ఈ మాట చెప్పాలనిపించలేదా?”

“పసుపు గౌను పిల్ల గేటు దాటిందా అని అడిగారమ్మా. లేదని చెప్పాను. ఇంకేం అడగలేదు కదా!”

ఫినాయిల్ అన్న మాట వినగానే తల్లి కుర్చీలోంచి లేచింది. పిల్లల కుర్చీ ఆవిడతోపాటే లేచి కింద పడింది.

*

మోకాళ్ళ సంగతి మర్చిపోయి మెట్లెక్కింది ఇన్‌స్పెక్టర్. నాలుగో మెట్టు మీద తెల్లటి చుక్క ఉంది. తొమ్మిదో మెట్టు మీద ఇంకోటి. పైకే వెళుతున్నాయి. ఇందాక పైకెళ్ళినప్పుడే నిచ్చెన కాళ్ళ కింద చూసుకుని ఉంటే సరిపోయేది.

వాచ్‌మన్ కంగారులో తాళంచెవి రెండుసార్లు జారవిడిచాడు.

తలుపు తెరుచుకోగానే ఫినాయిల్ ఘాటు ముఖాన కొట్టింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. హాలంతా ఖాళీ బల్లలు, కట్టలు కట్టిన ఫైళ్ళు.

“ఎవరూ మాట్లాడకండి,” అంది ఇన్‌స్పెక్టర్.

వినపడింది. ఎక్కడో సన్నగా, ఈల వేసినట్టు. మనిషి ఊపిరి.

జడ్జి బల్ల వెనక, కుర్చీ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది పిల్ల. ఆకుపచ్చ టీషర్టు. తెల్ల నిక్కరు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, భుజాలు ఎగరేస్తూ గాలి లాక్కుంటోంది. పెదాలు పాలిపోయాయి.

ఇన్‌స్పెక్టర్ నేల మీద కూలబడి జేబులోంచి ఇన్‌హేలర్ తీసింది. మూత తీసి నోటి దగ్గర పెట్టింది.

పిల్ల తల పక్కకి తిప్పుకుంది.

“ఎవ...రిది?” అంది. ఆ ఒక్క మాటకి మూడుసార్లు ఊపిరి తీసుకుంది.

ఇన్‌స్పెక్టర్ చేతిలోని ఇన్‌హేలర్ వైపు చూసింది. అది తల్లి కొన్నదో, తండ్రి కొన్నదో ఆవిడకీ తెలీదు.

“నీది,” అంది.

“నాదా?”

“నీదే. పీల్చు తల్లీ.”

పిల్ల పీల్చింది.

*

వీధి చివర క్లినిక్ డాక్టరు వచ్చి చూశాడు. ప్రమాదం లేదన్నాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే అలా చెప్పేవాణ్ణి కాదన్నాడు. కిటికీలన్నీ తెరిచారు. జడ్జి కుర్చీలో ఇన్‌స్పెక్టరే పిల్లని కూర్చోబెట్టింది. అది రూల్స్‌కి విరుద్ధమని వాచ్‌మన్ గొణిగాడు. ఆవిడ ఒక్క చూపు చూసింది. గొణుగుడు ఆగిపోయింది.

మిగతావాళ్ళు కింద, పార్టీలు నించునే చోట నించున్నారు.

“మీరు తెలుసుకోవలసింది తెలుసుకోండి,” అంది ఇన్‌స్పెక్టర్. ఈసారి ఉరమలేదు. “నేనొచ్చినప్పట్నుంచి ఎవరు తీసుకెళ్ళారు, ఎవరు తీసుకెళ్ళారు అని ఒకటే గోల. పిల్ల తనంతట తను వెళ్ళగలదని మీకు తోచలేదు. మీ దృష్టిలో అది ఒకరు పుచ్చుకునేది, ఒకరు ఇచ్చేది. గౌను కొక్కేనికి కనపడుతూనే ఉంది. డ్రస్సు సంచీలో ఉంది. ఇద్దరూ మీ మీ బట్టలు భద్రంగా ఉన్నాయా లేదా అనే చూసుకున్నారు. మరి పిల్ల ఏం కట్టుకుంది అని మీలో ఒక్కరూ అడగలేదు.”

తల్లి ఏడుస్తోంది. తండ్రి నేల చూస్తున్నాడు.

“సోమవారం జడ్జిగారు వచ్చేదాకా ఇక్కడే దాక్కుందామనుకుంది. అంతేనా?”

పిల్ల తలూపింది. “పార్టీలతోనే మాట్లాడతారంట. నేను బయటే కూర్చోవాలంట. ముందే లోపల ఉంటే బయటికి పంపరు కదా అనుకున్నాను.”

“మరి ఈ డ్రస్సు?”

“పసుపు గౌనులో ఉంటే నేను అమ్మ సైడ్ అనుకుంటారు. నీలంలో ఉంటే నాన్న సైడ్ అనుకుంటారు. అప్పుడు నా మాట నమ్మరు.” కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. “ఇన్‌హేలర్ కూడా అందుకే తేలేదు.”

నాయనమ్మ గుడ్డసంచి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

“ఏం చెబుదామనుకున్నావు జడ్జిగారికి?” అంది ఇన్‌స్పెక్టర్.

తల్లి ఏడుపు ఆపింది. తండ్రి తలెత్తాడు. రెండేళ్ళుగా ఇద్దరూ లాయర్లని పెట్టుకుని తెలుసుకోవాలనుకున్న మాట అది. పిల్ల ఎవరి దగ్గరుంటానంటుంది?

పిల్ల ఇద్దర్నీ చూసింది. తర్వాత ఇన్‌స్పెక్టర్‌నే చూస్తూ చెప్పింది.

“కింద బాత్రూమ్ తలుపుకి గొళ్ళెం లేదని.”

ఎవరికీ అర్థం కాలేదు.

“బట్టలు మార్చుకునేటప్పుడు తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఒక కాలితో నొక్కి పట్టుకోవాలి. ఒంటికాలి మీద నించుని మార్చుకుంటాను. ఒకసారి ఎవరో అంకుల్ తోసేశారు. నేను టవల్లో ఉన్నాను.” చెవులు ఎర్రబడ్డాయి. “ఆయమ్మకి చెప్పాను. గొళ్ళెం కావాలంటే అర్జీ పెట్టాలంది. అర్జీ పార్టీలే పెట్టాలంట.”

“అంతేనా? ఇంకేం చెప్పాలనుకోలేదా?”

“అంతే. రెండిళ్ళూ నాకిష్టమే. శనివారమే ఇష్టం లేదు.”

ఇన్‌స్పెక్టర్ ఇందాక ఆ తలుపుని చూసింది. మేకు కన్నాలు కూడా చూసింది. గొళ్ళెం లేకపోతే దొంగ ఎలా వస్తాడా అని ఆలోచించింది. లోపల ఒక ఆడపిల్ల ఉంటుందని ఆలోచించలేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు మీద ఆవిడకి ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

తండ్రి చేతిలో మళ్ళీ ఆ నీలం డ్రస్సు సంచీ ఉంది. తల్లి చేతిలో పసుపు గౌను ఉంది. వచ్చేటప్పుడు అలవాటు చొప్పున కొక్కెం మీంచి తీసుకుని వచ్చినట్టుంది. ఆ వారం పిల్ల వెళ్ళాల్సింది తండ్రి ఇంటికి.

పిల్ల ఆ రెండింటినీ చూసి మెల్లగా కుర్చీ దిగింది.

“ఇవాళ కూడా మార్చుకోవాలా?”

“వద్దు,” అంది తల్లి.

“వద్దు,” అన్నాడు తండ్రి.

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఆ కేసులో వాళ్ళిద్దరూ కలిసి ఒప్పుకున్న రెండో విషయం అది.